పాఠకుల ప్రశ్నలు: నకాజిమా, వాన, పదహారు పాయింట్లు

ప్రశ్న: సతోరు నకాజిమా ఫార్ములా వన్‌లో ఐదేళ్లు కారు తోలి తెచ్చుకున్నవి 16 పాయింట్లే. ఒక్కసారీ పోడియం (మొదటి ముగ్గురు నిలబడే వేదిక) ఎక్కలేదు. జపాన్‌లో ఆయనకు అంత పేరెందుకు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఆ 16ను ఇప్పటి పట్టికతో కొలవకండి. ఇప్పుడు గెలిస్తే 25, పదో స్థానానికీ ఒకటి ఇస్తున్నారు. అప్పట్లో ఆరుగురికే పాయింట్లు, ఏడోవాడికి సున్నా. పైగా 1987లో బ్రెజిల్‌లో తొలి రేసుకు దిగేనాటికే ఆయనకు 34 ఏళ్లు. ఫార్ములా వన్‌కు కింది మెట్టయిన ఫార్ములా టూలో జపాన్ టైటిల్ అప్పటికే ఐదుసార్లు గెలిచారు. లోటస్ టీమ్‌లో జోడీ డ్రైవర్ ఎవరనుకున్నారు? తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన అయర్టన్ సెన్నా! ఆ ఏడాది బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ రేసులో మాన్సెల్, పికే, సెన్నా, నకాజిమా వరుసగా వచ్చారు. నాలుగు కార్లలోనూ హోండా ఇంజినే. అయితే విజేతకూ ఆయనకూ మధ్య రెండు లాప్‌ల (ట్రాక్ చుట్ల) తేడా ఉంది, అదీ చెప్పాలి. 1988లో మొనాకో, డెట్రాయిట్‌లలో క్వాలిఫై కూడా కాలేదు, అంటే రేసులో దిగే అర్హతే దక్కలేదు. అయినా పూర్తి సీజన్ తోలిన తొలి జపాన్ డ్రైవర్ ఆయనే. జపాన్‌లోని సుజుకాలో మొదటిసారి ఫార్ములా వన్ జరిగిన 1987లో సొంత జనం ముందు ఆరో స్థానం తెచ్చుకున్నారు.

ప్రశ్న: 1989లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ రేసు వానలో ఆయన అందరికన్నా వేగంగా ఎలా పోయారు? వానలో కొండ దిగేటప్పుడు మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?
– టాక్సీ డ్రైవర్, తిరుపతి

జవాబు: ఆయన 23వ స్థానం నుంచి బయల్దేరారు. ఆరంభంలోనే కారు గిర్రున తిరిగి చిట్టచివరికి పడ్డారు. అక్కడినుంచి నాలుగో స్థానానికి వచ్చారు, 64వ లాప్‌లో 1 నిమిషం 38.480 సెకన్లతో ఆ రేసుకే ఫాస్టెస్ట్ లాప్ కొట్టారు. పొడి ట్రాక్ మీద ఆయన జడ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిను హోండా వీ10 (పది సిలిండర్ల) ఇంజినుకు సాటి రాదు. తడిలో మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే వెనక చక్రాలు ఉత్తినే తిరుగుతాయి కాబట్టి ఎక్కువ బలమున్నవాడికీ లాభం తక్కువ. పెడల్ మీద కాలు ఎంత మెత్తగా పడుతుందన్నదే లెక్క. ముందు కారు లేపే తుంపరలో దారి కనపడక అదే రేసులో సెన్నా వెళ్లి మరో డ్రైవర్ బ్రండిల్ కారును వెనకనుంచి గుద్దారు.

మీరు పట్టించుకోవలసింది టైర్లను. గాడులు నీటిని పక్కకు నెట్టేస్తాయి. అవి అరిగినా, వేగం పెరిగినా నీళ్లు బయటికి పోలేక టైరు వాటిమీద తేలుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసి, పట్టు దొరికేదాకా స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. గాడికి 1.6 మి.మీ. లోతు చాలని చట్టం అంటుంది, వానాకాలానికి 3 మి.మీ. దగ్గరే టైర్లు మార్చేయండి. గాలి తగ్గితే ముప్పు ఇంకా పెరుగుతుంది, డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత నింపండి. దిగేటప్పుడు రెండో గేరు వేసి, మలుపు రాకముందే వేగం తగ్గించండి. అదేపనిగా బ్రేకు మీదే కాలుంచితే అది వేడెక్కి పట్టదు.

ప్రశ్న: మనవాళ్లెవరైనా ఆయన దగ్గర తోలారా?
– శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: తోలారు. ఆయన 1991 చివర టిరెల్ టీమ్‌తో ఫార్ములా వన్ నుంచి రిటైరై సొంత టీమ్ నకాజిమా రేసింగ్ మీదే దృష్టి పెట్టారు. మన నరైన్ కార్తికేయన్ 2017, 2018ల్లో ఆ టీమ్ తరఫునే జపాన్‌లోని సూపర్ ఫార్ములా పోటీల్లో తోలారు. 2019లో జపాన్‌లోని ఫుజీ ట్రాక్ మీద జపాన్ సూపర్ జీటీ, జర్మనీ డీటీఎం పోటీల కార్లు కలిసి పోటీపడినప్పుడు నరైన్ రెండో రేసు గెలిచిందీ ఆ టీమ్ కారులోనే.