ఫిజిక్స్ చదివే అమ్మాయి యానిమేషన్ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. బొమ్మలు బాగా వేస్తుంది. చిన్నపిల్లలకు టీవీలో బొమ్మలతో ఫిజిక్స్ పాఠాలు చెప్పే పని చేస్తానంటోంది. డిగ్రీ ఆపేసి హైదరాబాద్‌లో యానిమేషన్ కోర్సులో చేరతానని పట్టుబట్టింది. ఫీజు లక్షల్లో ఉంది. ఆ పనిలో బతుకుతెరువు ఉంటుందా? ఇంటిపట్టున ఉండి చేయొచ్చా? (ఒక తల్లి)

జవాబు: డిగ్రీ మాత్రం ఆపనివ్వకండమ్మా. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి, మిగతాదంతా అమ్మాయి ఇష్టానికి వదిలేయొచ్చు. బొమ్మను కదిలించగలిగేవాళ్లు హైదరాబాద్, బెంగళూరు స్టూడియోల్లో చాలామందే ఉన్నారు. ఆ కదలిక ఫిజిక్స్ ప్రకారం సరిగ్గా ఉందో లేదో పట్టుకుని, దాన్ని ఆరో తరగతి పిల్లకు తెలుగులో విడమరిచి చెప్పగలిగేవాళ్లే అరుదు. మీ అమ్మాయికి పెట్టుబడి ఆ ఫిజిక్సే. దాన్ని సగంలో వదిలేస్తే వందమందిలో ఒకరవుతుంది.

పని లేదనుకోకండి. 1975-76లోనే ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు వచ్చాయి, పొద్దుటిపూట బడిపిల్లల కోసమే ప్రసారం ఉండేది. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం ఈ-విద్యలో తరగతికో టీవీ చానల్ పెట్టారు, 2022 బడ్జెట్లో వాటిని 200కు పెంచుతామన్నారు. యాప్‌లలో పాఠాలమ్మే కంపెనీలు సరేసరి. అందరికీ స్క్రిప్టు, స్టోరీబోర్డు రాసేవాళ్లు కావాలి. స్టోరీబోర్డు అంటే ఏ క్షణాన తెరమీద ఏం కనిపించాలి, ఏ మాట వినిపించాలి అని గళ్లలో గీసిన నమూనా. అమ్మాయి గురి పెట్టాల్సింది దానిమీద.

ఫిజిక్స్ తెలియడం ఎక్కడ పనికొస్తుందో ఒక బంతితో చూపిస్తాం. మన టీవీకి సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 కదలని బొమ్మలు. చేతిలోంచి జారిన బంతి 5 ఫ్రేముల్లో 19.6 సెంటీమీటర్లు, 10 ఫ్రేముల్లో 78.4, 15 ఫ్రేముల్లో 176.4 సెంటీమీటర్లు పడుతుంది. మధ్య దూరాలు 1, 3, 5 నిష్పత్తిలో పెరుగుతాయి. కానీ బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పైన ఒక కీఫ్రేము (బంతి ఎప్పుడు ఎక్కడ ఉండాలో మనం చెప్పే ఫ్రేము), నేల మీద ఒక కీఫ్రేము పెట్టి వదిలేస్తే, సాఫ్ట్‌వేర్ తనంతట తానే రెండు చివర్లా కదలికను మెత్తబరుస్తుంది. బంతి నేల దగ్గరికొచ్చేసరికి నెమ్మదిస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పాఠం మాత్రం తప్పు: పడేకొద్దీ వేగం తగ్గుతుందని పిల్లాడి మనసులో నాటుకుపోతుంది. పై కొలతల్లో కీఫ్రేములు పెట్టి, నేలను తాకేచోట హ్యాండిల్‌ను (కదలిక గీతను వంచే పిడిని) వెక్టర్‌గా, అంటే వంపు లేకుండా, మారిస్తే సరిపోతుంది. 0.6 సెకను కంటికి ఆనదు కాబట్టి మూడు రెట్లు సాగదీయొచ్చు. అప్పుడు దూరాల నిష్పత్తి చెడకూడదు, 'నెమ్మదిగా చూపిస్తున్నాం' అన్న మాట వినిపించాలి.

కోర్సు ఫీజు కట్టే ముందు ఒకటిన్నర నిమిషం పాఠాలు మూడు చేయించండి. మొదటిది వేరుశెనగ తూర్పారబట్టడం మీద చేయమనండి, మీ చుట్టుపక్కల పిల్లలందరూ చూసిందే. గంప ఎత్తి గాలివాటున వదిలితే కాయలు కాళ్ల దగ్గరే పడతాయి, ఆకూ పొట్టూ ఎగిరి దూరంగా పడతాయి. మొదటి 20 సెకన్లు అదే. బరువైనవి వేగంగా పడతాయని పిల్లలు నమ్మేది ఇలాంటివి చూసే. ఆ వెంటనే 'గాలే లేకపోతే?' అని అడిగి 5 సెకన్లు, అంటే 125 ఫ్రేములు, మాట లేకుండా వదలాలి. టీవీని ఆపి ఆలోచించే వీలుండదు, ఆ విరామం మనమే ఇవ్వాలి. తర్వాత 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలిన ఘట్టం. రెండూ కలిసే నేలను తాకాయి. అక్కడ ఆకర్షణ మన భూమి మీదున్న దానిలో ఆరో వంతు, 1.6 మీటర్లు పడడానికి సుమారు 1.4 సెకన్లు పడుతుంది, కంటికి బాగా ఆనుతుంది.

ఇక్కడే ఒక గుంట ఉంది. దీన్ని చూసిన పిల్లలు 'గాలి లేదు కాబట్టి చంద్రుడి మీద గురుత్వాకర్షణ లేదు' అని తేల్చేసుకుంటారు. ఆకర్షణే లేకపోతే సుత్తి అసలు ఎందుకు పడుతుంది? ఆ ప్రశ్న పాఠంలోనే వేయాలి.

90 సెకన్లంటే 2250 ఫ్రేములు. అన్నీ చేత్తో గీయనక్కర్లేదు. తోలుబొమ్మల్లాగా చేతులు, మోచేతులు, తల విడివిడిగా గీసి కీళ్ల దగ్గర కలిపి కదిలించే పద్ధతి ఉంది, నిమ్మలకుంట తోలుబొమ్మలు ఒకసారి దగ్గర్నుంచి చూస్తే ఆ కిటుకు ఇట్టే పట్టుబడుతుంది. బొమ్మలకు క్రిటా, కదిలించడానికి సిన్‌ఫిగ్ లేదా బ్లెండర్, గొంతుకు ఆడాసిటీ, అన్నీ ఉచితమే. ప్రాజెక్టు మొదట్లోనే 25 ఫ్రేములు పెట్టుకోవాలి. బ్లెండర్ తనంతట 24 పెడుతుంది. 24తో చేసిన నిమిషాన్ని 25తో నడిపితే 57.6 సెకన్లకే అయిపోతుంది, గొంతు సన్నబడుతుంది. అక్షరాలు తెర అంచులకు నాలుగు వైపులా పదోవంతు లోపలే ఉంచాలి, కొన్ని టీవీలు అంచులు కోసేస్తాయి.

మాట నిమిషానికి 80 పదాలు దాటకుండా చూసుకోవాలి. మన వాడుకలో బలం, శక్తి ఒకటే. ఫిజిక్స్‌లో బలం వేరు, శక్తి వేరు, సామర్థ్యం ఇంకా వేరు. 'శక్తితో నెట్టాడు' అని ఒక్కసారి దొర్లినా తర్వాతి పాఠం దెబ్బతింటుంది. బరువు, ద్రవ్యరాశి మాటలతోనూ ఇదే చిక్కు. స్క్రిప్టు పూర్తయ్యాక ఈ అయిదు మాటల కోసమే విడిగా ఒకసారి చదవాలి.

పూర్తయ్యాక ప్రధానోపాధ్యాయుల అనుమతితో దగ్గర్లోని బడిలో ఆరో తరగతి పిల్లలు పదిమందికి చూపించాలి. 'అర్థమైందా?' అని అడిగితే 'అయింది మేడం' అంటారు, దానివల్ల ఏమీ తెలియదు. చూపించే ముందే ఒక బొమ్మ గీయమనాలి: పైకి విసిరిన రాయి చేతిని వదిలాక దానిమీద పనిచేసే బలాలను బాణాలతో చూపించాలి. చాలామంది పైకి ఒక బాణం గీస్తారు. చేయి వదిలాక పైకి నెట్టే బలమేదీ లేదు, ఉన్నది కిందికి లాగే గురుత్వాకర్షణ, కాస్త గాలి నిరోధం. ఈ పొరపాటు మీదే రెండో పాఠం చేయొచ్చు. పాఠం అయ్యాక ఒకసారి, వారం తర్వాత మరోసారి అదే గీయించాలి. వారం తర్వాత గీసిన కాగితాలే ముఖ్యం.

ఇక చదువు సంగతి. డిజైన్ పీజీలో చేరడానికి సీడ్ (CEED) అనే ప్రవేశ పరీక్ష జనవరిలో ఉంటుంది. మూడేళ్ల డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నా రాయొచ్చు. రెండో భాగంలో కాగితం మీద చేత్తో గీయాలి. ఐఐటీ బాంబేలోని డిజైన్ విభాగం ఐడీసీలో యానిమేషన్ పీజీ ఉంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే: పరీక్ష రాసే అర్హత వేరు, సీటుకు ఆయా సంస్థలు అడిగే అర్హత వేరు. కొన్నిచోట్ల నాలుగేళ్ల డిగ్రీ గానీ ఎమ్మెస్సీ గానీ అడుగుతారు. అందువల్ల ఆనర్స్ నాలుగో ఏడాది చేయించడం మంచిది. కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది గానీ, ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్షతో చేరే నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఇంటర్ అయినవాళ్లకు, మీ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. బీఈడీ చేస్తే రెండేళ్లు పడుతుంది, టీచరు ఉద్యోగం దారి తెరిచే ఉంటుంది, స్క్రిప్టుకూ బలం వస్తుంది. ప్రైవేటు కోర్సుకే వెళ్లాలనుకుంటే, పోయిన బ్యాచ్ పిల్లలు చేసిన వీడియోలు చూపించమని అడగండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న బోర్డు చూసి డబ్బు కట్టకండి.

ఇంటినుంచి చేయొచ్చా అన్నారు. స్టోరీబోర్డు, స్క్రిప్టు పనులు తాడిపత్రి నుంచి కూడా చేయొచ్చు, అదీ మొదటి రెండేళ్లు ఏదైనా స్టూడియోలో కూర్చుని పని చేశాకే. గీసిన గడిని యానిమేటర్ ఎక్కడ తప్పుగా అర్థం చేసుకుంటాడో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. హైదరాబాద్ కన్నా బెంగళూరు మీకు దగ్గర, ఉద్యోగాల వెతుకులాట అక్కడినుంచే మొదలుపెట్టమనండి. పంపే ఫైల్లో మొదటి పేజీగా పిల్లలు గీసిన ఆ బాణాల కాగితాలు, ముందువీ వారం తర్వాతవీ పక్కపక్కన పెట్టమనండి, పిల్లల పేర్లు కనిపించకుండా.