ముందు తేదీ చూడండి, ఊరు తర్వాత చూడొచ్చు

ప్రశ్న: మాకు కారులో గంటన్నర దూరంలో ఒక యూనివర్సిటీ ఊరుంది. ఆదివారం పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేద్దామని మా ఆయన అంటున్నారు. చిన్నవాడికి ఏడేళ్లు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, అయినా ఆవిడా వస్తానంటున్నారు. కాలేజీలో బిల్డింగులు తప్ప చూడ్డానికి ఏముంటాయండీ? సరే వెళ్తాం అనుకుంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: బిల్డింగులు ఉంటాయి, కాదనను. కానీ అంత చిన్న ఊళ్లో మామూలుగా అయితే ఉండని మ్యూజియం, పెద్ద తోట, పాత లైబ్రరీ కూడా ఉంటాయి, అదీ చాలాసార్లు ఒకదాని పక్కన ఒకటి. అవన్నీ మన కోసం పెట్టినవి కావు, పాఠాల కోసం పెట్టినవి, మనకి కలిసొచ్చాయంతే. ఇటలీలోని పాదువా యూనివర్సిటీ వాళ్లు 1545లో వైద్య విద్యార్థులకి మందు మొక్కలు గుర్తుపట్టడం నేర్పించాలని తోట వేశారు. అది ఇప్పటికీ అదే చోట ఉంది, ఎక్కడెక్కడి నుంచో జనం చూడ్డానికి వస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో యూనివర్సిటీ వాళ్ల ఆష్మోలియన్ మ్యూజియం 1683లోనే తెరిచారు. అక్కడే ఇంకో మ్యూజియంలో, భూమ్మీద ఎప్పుడో అంతరించిపోయిన డోడో పక్షి తల భద్రంగా ఉంచారు, రెండింటికీ టికెట్ లేదు. మీరు వెళ్లే ఊళ్లో డోడో ఉండకపోవచ్చు గానీ జంతువుల ఎముకలో, రాళ్ల సేకరణో, పాత యంత్రాలో ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ, వెబ్‌సైట్‌లో ఒక మూల పెట్టి ఉంచుతారు, కాస్త వెతకాలి.

ఇక ప్లాన్. అందరూ ముందు ఏమేం చూడాలో లిస్టు రాసుకుంటారు, నేనైతే ముందు తేదీ చూడమంటాను. ఎందుకంటే ఆ ఊరు నడిచేది విద్యార్థుల క్యాలెండర్ మీద. నేనొకసారి ఇవేవీ చూసుకోకుండా ఒక కాలేజీ ఊరికి వెళ్తే సరిగ్గా ఆ రోజే స్నాతకోత్సవం, గౌన్లు వేసుకున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, తాతయ్యలు, పూలగుత్తులు, కారు పెట్టడానికి అరగంట తిరిగి, తినడానికి గంట నిలబడి, చివరికి ఏ గేటు లోపలికీ వెళ్లకుండానే తిరిగొచ్చాం. కాబట్టి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అకడమిక్ క్యాలెండర్ తెరిచి, స్నాతకోత్సవం, హాస్టళ్లలో కొత్తవాళ్లు చేరే రోజులు, పెద్ద మ్యాచ్‌లు ఎప్పుడో చూసి, అవి వదిలేయండి. మ్యాచ్ అంటే ఏముందిలే అనుకోకండి. అమెరికాలో ఆన్ ఆర్బర్ అనే ఊరి జనాభా 2020 లెక్కల్లో 1,24,000కి కాస్త తక్కువ, అక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో పట్టేది 1,07,601 మంది. మ్యాచ్ రోజున రోడ్లు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి!

పరీక్షల రోజులు ఇంకో రకం. ఊరు ఖాళీగానే ఉంటుంది, గేట్లు మూసేస్తారు. కేంబ్రిడ్జ్‌లో చాలా కాలేజీలు వేసవి పరీక్షలప్పుడు బయటివాళ్లని రానివ్వవు. పోనీ సెలవుల్లో వెళ్దామంటే క్యాంటీన్లు మూత, మ్యూజియం సగం రోజే, ఊరంతా నిద్రపోతున్నట్టుంటుంది. క్లాసులు మామూలుగా నడుస్తున్న నెలలో, ఏ హడావిడీ లేని వారాంతం మేలు. వారాంతం అంటే కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. శాంతినికేతన్‌లో విశ్వభారతి యూనివర్సిటీకి వారపు సెలవు బుధవారం, ఆదివారం క్లాసులు జరుగుతాయి. అందుకని మీ ఆయన ఆదివారం అన్నారని ఆదివారమే ఖాయం చేసేయకండి, ఆ రోజు ఏమేం తెరిచి ఉంటాయో చూశాక చెప్పండి.

మీ అత్తగారి సంగతి. క్యాంపస్‌లో మనకి తెలియకుండానే కిలోమీటర్లు నడిచేస్తాం, మ్యాపులో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి, మెట్లూ ఎత్తుపల్లాలూ అందులో కనిపించవు. లోపల ఒకటి, బయట ఒకటి, రెండే చూడండి. మ్యూజియం గుమ్మం దగ్గర ఆవిడనీ మిమ్మల్నీ దింపేసి, మీ ఆయన కారు పెట్టుకుని రావాలి. ఖాళీగా ఉంది కదా అని కనబడ్డ చోటల్లా పెట్టొద్దని కూడా చెప్పండి, ఆ ఖాళీల్లో చాలా భాగం పర్మిట్ ఉన్న ఉద్యోగులవి, బోర్డు చదవాలి. చాలా మ్యూజియంలలో అడిగితే వీల్‌చైర్ ఇస్తారు. ఆవిడ "నాకెందుకూ, నేను నడవగలను" అంటారు, అందరూ అలాగే అంటారు, మొదటి గంట పట్టుబట్టకండి. నడక ఏదైనా ఉంటే పొద్దున్నే పెట్టుకుని, ఎండ ఎక్కాక లోపలికి వెళ్లి, సాయంత్రం తోటలో బెంచీ మీద కూర్చోవడం అనే క్రమం ఆవిడకి సరిపోతుంది, నిజం చెప్పాలంటే మనందరికీ సరిపోతుంది.

క్లాసులున్న రోజున వెళ్తే, భోజనం పన్నెండు లోపో, రెండు దాటాకో. ఆ మధ్యలో క్లాసులు వదులుతారు. క్లాసు మారే పది నిమిషాలు సైకిళ్లు వరదలా వస్తాయి కాబట్టి చిన్నవాడి చెయ్యి వదలకండి.

ప్రశ్న: నాకు పదహారేళ్లు. మేమూ ఇలాంటి ట్రిప్పే వెళ్తున్నాం. ప్రతి బిల్డింగు ముందూ నాన్న ఆగి "నువ్వు బాగా చదివితే ఇక్కడే చేరొచ్చు" అని మొదలుపెడతారు. ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. మానేయనా?
— ఒక విద్యార్థిని

జవాబు: మానేయకమ్మా. నాన్న నోరు నేను ఆపలేను గానీ, బేరం ఒకటి చెప్తాను. చాలా యూనివర్సిటీల్లో అక్కడి విద్యార్థులే దగ్గరుండి క్యాంపస్ చూపించే టూర్ ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ పని నువ్వే చెయ్యి. గంటో గంటన్నరో వేరేవాళ్లు మాట్లాడుతుంటే నాన్న వింటారు, పైగా హాస్టల్లో తిండెలా ఉంది, రాత్రి లైబ్రరీ ఎంతసేపు తెరిచి ఉంటుంది, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్లు ఏం చేశారు లాంటివి నువ్వే నేరుగా అడగొచ్చు, వెబ్‌సైట్లో అవి రాయరు. ఆ తర్వాత ఒక గంట పుస్తకాల షాపులోనో బయట పచ్చికలోనో ఒంటరిగా వదిలేయమని ఇంటి దగ్గరే అడిగి ఒప్పించుకో, అక్కడికి వెళ్లాక అడిగితే కుదరదు.

ఈ జవాబు నాన్నలు కూడా చదువుతుంటారని తెలుసు. అయ్యా, ఒక్క రోజు ఆ మాట అనకుండా ఉండండి, పిల్ల తనంతట తనే ఏదో ఒకటి అడుగుతుంది.

ప్రశ్న: ఎనిమిది, పదేళ్ల పిల్లలు పాత కట్టడాలంటే పది నిమిషాల్లో విసుక్కుంటారు. ఏం చేయాలి?
— ఇద్దరు పిల్లల తండ్రి

జవాబు: చూడమంటే చూడరు, వెతకమంటే వెతుకుతారు. స్పెయిన్‌లో సాలమాంకా యూనివర్సిటీ ముఖద్వారం నిండా రాతి చెక్కడాలే, ఎక్కడో ఒక పుర్రె మీద చిన్న కప్ప కూర్చుని ఉంటుంది. ఎవరూ చెప్పకుండా దాన్ని కనిపెట్టిన విద్యార్థి పరీక్ష పాసవుతాడని అక్కడ నమ్మకం. పెద్దవాళ్లు కూడా మెడ నొప్పి పుట్టేదాకా నిలబడి చూస్తారు. మీరు వెళ్లే చోట కప్ప లేకపోయినా గోడల మీద జంతువులో, రాళ్ల మీద సంవత్సరాలో ఉంటాయి. అన్నిటికంటే పాత సంవత్సరం ఎవరు కనిపెడతారో పందెం పెట్టండి.

అల్లరి కథ ఏదైనా దొరికితే ఇంకా మంచిది. జర్మనీలో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీకి సొంత జైలే ఉండేది, తాగి గోల చేసిన విద్యార్థుల్ని అందులో పెట్టేవాళ్లు, క్లాసులకి మాత్రం వదిలేవాళ్లు. 1914 దాకా నడిచింది, వాళ్లు గోడల మీద గీసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. మా పక్కింటి పదేళ్ల కుర్రాడికి ఇది చెప్తే "మా స్కూల్లో కూడా ఉందా?" అని అడిగాడు, కొంచెం ఆశగా కూడా.

రాత్రి దాకా ఉండగలిగితే యూనివర్సిటీకి అబ్జర్వేటరీ ఉందేమో చూడండి. చాలాచోట్ల కొన్ని రాత్రులు అందరినీ రానిస్తారు, టెలిస్కోపులో శని చుట్టూ వలయాలు కనబడితే ఆ ఇద్దరూ ఇక ఇంటికి రారు. మబ్బు పడితే మాత్రం రద్దు చేస్తారు, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.