అక్కడ మన సర్టిఫికెట్ చెల్లుతుందా?

విజయవాడ నుంచి ఒక తమ్ముడి ప్రశ్న: "అక్కా, నేను బీసీ-డీ. అమెరికాలో ఎమ్మెస్ సీటుకో ఫీజుకో రిజర్వేషన్ పనికొస్తుందా? వేరే దేశమైతే నయమా?"

పనికిరాదు తమ్ముడూ. 2011లో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

మాది గుంటూరు బ్రాడీపేట. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే బీటెక్ గట్టెక్కాను. అమెరికాలోనూ మైనారిటీలకు స్కాలర్‌షిప్పులుంటాయని విని, కుల, ఆదాయ సర్టిఫికెట్లు లామినేషన్ చేయించి, పచ్చళ్ల డబ్బాల మధ్య నలక్కుండా సర్దుకుని తెచ్చాను. ఫీజు కౌంటర్లో ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి "ఇది అడ్రస్ ప్రూఫా?" అంది. వాళ్ల లెక్కలో మైనారిటీ అంటే ముఖ్యంగా నల్లజాతివాళ్లు, హిస్పానిక్‌లు, నేటివ్ అమెరికన్లు. మనం ఏసియన్లం, పైగా వీసా మీద వచ్చినవాళ్లం.

రెండో వాయిదాకి అమ్మ నానుతాడు తాకట్టులోకి వెళ్లింది. చాలకపోతే బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నేను బయల్దేరినప్పుడు 45 దగ్గరున్న డాలరు డిసెంబరుకల్లా 50 దాటేసింది. ఆ నెలంతా నాకు నిద్ర లేదు. మా బ్యాచ్‌లోనే ఒకమ్మాయి మే నెల నుంచే ప్రొఫెసర్లకు మెయిళ్లు పెట్టి టీఏ (టీచింగ్ అసిస్టెంట్ పని) తెచ్చుకుంది, ట్యూషన్ మొత్తం మాఫీ. చూసి నేర్చుకున్నాను. నలభై మెయిళ్లు పెడితే మూడో సెమిస్టరుకి నాకూ వచ్చింది. రెండేళ్లలో నానుతాడు విడిపించాను.

ఇక దేశాల సంగతి. మన రాష్ట్రంలో బీసీలకు 29 శాతం సీట్లు. అమెరికాలో ఇన్ని సీట్లని కోటా పెట్టడం 1978లోనే కోర్టు కొట్టేసింది. అడ్మిషన్లలో జాతిని ఒక అంశంగా చూడటమూ 2023 జూన్‌తో పోయింది. బ్రెజిల్‌లో 2012 చట్టంతో ఫెడరల్ యూనివర్సిటీల్లో సగం సీట్లు ప్రభుత్వ బడి పిల్లలకి. మలేషియాలో భూమిపుత్రులకి, అంటే మలయ్‌లకి, అక్కడి ఆదివాసులకి, కోటా ఉంది. బ్రిటన్‌లో వెనకబడిన ప్రాంతాల పిల్లలకి కొన్ని యూనివర్సిటీలు మార్కులు తగ్గించి సీటిస్తాయి. ఇవన్నీ వాళ్ల పిల్లల కోసం పెట్టుకున్నవి. నీ ఎస్సీ స్నేహితులుంటే మాత్రం కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ చూసుకోమను, రూల్స్ సైట్లో ఉంటాయి.

మీ తరానికి అన్నీ ఫోన్లోనే దొరుకుతాయి కానీ వడ్డీ లెక్క ఎవరూ వేసుకోరు. బెంజి సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టకముందే నాకు రాయి: అప్పు బ్యాంకుదా, బయటదా? ఎంత వడ్డీ? ఇంట్లో ఏం తాకట్టు పెడుతున్నారు?