ముఖపరిచయం లేని మనిషి కోసం ఏడవడం నిజమైన బాధేనా?

ఎవరో తెలియని మనిషి చిన్న వయసులో పోతే, నెట్‌లో జనం రాసినవి చదివి ఏడుపొచ్చింది, ఇది నిజం బాధేనా అని అడిగారు కదా. నిజమే అంటాను. నాకు ఆస్ట్రేలియా క్రికెటర్ ఫిలిప్ హ్యూస్ విషయంలో అలాగే అయింది.

2014 నవంబర్ 25న సిడ్నీలో దేశవాళీ మ్యాచ్ ఆడుతూ 63 పరుగుల మీద ఉండగా బౌన్సర్, అంటే నేలకి తగిలి తలెత్తుకి లేచే బంతి, వచ్చి మెడకి తగిలింది. హెల్మెట్ ఉంది, కానీ అది కాపాడలేని చోట తగిలింది. రెండు రోజులకి చనిపోయాడు. ఇంకో మూడు రోజులుంటే 26 నిండేవి. మాక్స్‌విల్ అనే చిన్న ఊళ్లో అరటి తోటల రైతు కొడుకు, 20 ఏళ్లకే డర్బన్ టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టినవాడు. నేను అతని అభిమానిని కూడా కాదు, ఆట చూసింది తక్కువే.

వార్త చదివినప్పుడు అయ్యో అనుకుని ఊరుకున్నాను. తర్వాత సిడ్నీలో ఒకాయన హ్యూస్‌కి నివాళిగా తన బ్యాట్‌ని గుమ్మం దగ్గర ఆనించి, ఫొటో తీసి పెట్టాడు, మీరూ పెట్టండి అని. ఇక చూడాలి, ఎక్కడెక్కడి నుంచో ఫొటోలు, చిన్నపిల్లల బ్యాట్లు, పిడికి టేపు చుట్టిన పాత బ్యాట్లు, పైన ఒక టోపీ. షార్జాలో టెస్టు ఆడుతున్న న్యూజిలాండ్ వాళ్లు కూడా తమ బ్యాట్ల మీద టోపీలు పెట్టి వరసగా నిలబెట్టారు. పెద్ద ఆటగాళ్ల సందేశాలు బాగానే ఉన్నాయి గానీ నన్ను కదిలించింది ఈ మామూలు మనుషుల గుమ్మాలే. ఆ రాత్రి నేనూ మా వరండాలో బ్యాట్ పెట్టాను. అమ్మ చూసి "ఎవర్రా పోయింది, మనకి తెలిసినవాళ్లా?" అంది. చెప్పాను. "పాతికేళ్లేనా! వాళ్లమ్మ ఎలా తట్టుకుంటుందో" అని లోపలికెళ్లిపోయింది. ఆమెకి క్రికెట్ అంటే ఏమీ తెలియదు.

నేను కాలేజీలో ఫాస్ట్ బౌలింగ్ వేసేవాణ్ణి, అందుకేనేమో, నా మనసంతా ఆ బంతి వేసిన షాన్ అబాట్ మీదే ఉండేది. అతనికి అప్పుడు 22 ఏళ్లు. నియమాలకి లోబడి, రోజూ అందరూ వేసే బంతే వేశాడు. జనం అతన్ని తిడతారేమో అని నాకు ఒకటే టెన్షన్. తీరా చూస్తే హ్యూస్‌కి నివాళి రాసినవాళ్లే, ఆ పక్కనే, నీ తప్పేం లేదు తమ్ముడూ, ధైర్యంగా ఉండు అన్నట్టు అతనికీ రాశారు, అదీ ఇంత దుఃఖంలో. నాకు ఏడుపొచ్చింది అక్కడే.

స్కోర్‌కార్డులో ఆ 63ని నాటౌట్‌గా మార్చారు. రెండు వారాలకి అబాట్ అదే గ్రౌండ్‌లో మళ్లీ బౌలింగ్ చేసి 14 పరుగులకి 6 వికెట్లు తీశాడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, సొంత తమ్ముడు గట్టెక్కినట్టు.

మీరు ఎవరి కోసం ఏడ్చారో రాయలేదు. చెప్పాలనిపిస్తే కింద రాయండి, తప్పకుండా చదువుతాను.