ఎరుపు రంగు పెట్టావా?

చిట్టితల్లీ,

ఋషికొండలో మీ కంపెనీవాళ్లు డేటాబేస్ పని నీకే అప్పజెప్పారని, ఏ టూల్ వాడాలో కూడా నిన్నే తేల్చమన్నారని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మా పిల్లకి అంత పని ఇచ్చారా అని సంబరపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎంపిక పెద్ద విషయం కాదు. మీది ఒట్టి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే వర్క్‌బెంచ్ అనే టూల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే పీజీఅడ్మిన్ చాలు. రెండూ ఉంటే, రేపు ఒరాకిల్ డేటాబేస్ కూడా వచ్చేలా ఉంటే అన్నిటికీ పనిచేసే డీబీవర్ పెట్టుకో. కమ్యూనిటీ ఎడిషన్‌కి పైసా కట్టక్కర్లేదు.

నా భయం వేరే. 2007లో పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో చేసేవాణ్ని. స్క్రీన్ మీద రెండు విండోలు, ఒకటి ప్రయోగాలకి టెస్ట్, ఒకటి అసలు డేటా ఉన్న లైవ్. పైన చిన్న అక్షరాల్లో సర్వర్ పేరొక్కటే తేడా. సాయంత్రం ఆరు దాటింది. జగదాంబ దగ్గర సినిమాకని మీ అత్తయ్య ఎదురుచూస్తోంది. ఒకాయన అడ్రస్ మార్చాలి, అంతే. మార్చమని చెప్పే అప్‌డేట్ కమాండ్ రాశాను, ఏ వరుసలో మార్చాలో చెప్పే 'వేర్' కూడా కింది లైన్లో రాశాను. కానీ పై లైన్ ఒక్కటే సెలెక్ట్ అయి ఉంది, చూసుకోలేదు. రన్ కొట్టాను. నాలుగు వేల చిల్లర వరుసలు మారాయని వచ్చింది. టెస్టే కదా అనుకుని నవ్వుకున్నాను కూడా. తీరా పైకి చూస్తే లైవ్! ఊళ్లో ఉన్న మా కస్టమర్లందరూ గాజువాకలో ఒకే ఇంట్లో కాపురం పెట్టేశారు. మార్పుని అప్పటికప్పుడే ఖాయం చేసేసే ఆటో కమిట్ ఆన్‌లో ఉంది, వెనక్కి తీసుకునే దారి లేదు. ముందురోజు రాత్రి బ్యాకప్ ఉండబట్టి ఉద్యోగం నిలిచింది. ఆ రోజు ఎంట్రీలన్నీ కాగితాలు చూసి మళ్లీ ఎక్కించేసరికి తెల్లారింది. సినిమా సంగతి మీ అత్తయ్య ఇప్పటికీ ఎత్తుతుంది.

డీబీవర్‌లో కనెక్షన్ టైప్ అని ఉంటుంది. లైవ్‌కి ప్రొడక్షన్ అని పెడితే ఎడిటర్ ఎర్రగా మారుతుంది. ఆటో కమిట్ ఆపెయ్యి. వర్క్‌బెంచ్‌లో సేఫ్ అప్‌డేట్స్ అని ఉంది, 'వేర్'లో కీ కాలమ్ (వరుసని త్వరగా పట్టుకోవడానికి ఇండెక్స్ కట్టిన కాలమ్) లేకపోతే 1175 ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. విసుగొచ్చి దాన్ని తీసేసేవాళ్లు చాలామంది. నువ్వు తీశావని తెలిసిందో, ఆఫీసుకొచ్చి మరీ తిడతాను.

వెతకడానికి, చూడటానికి మాత్రమే హక్కున్న యూజర్‌ని వేరుగా అడుగు. పేరుకి ముందు పర్సెంట్ గుర్తు (ముందు ఏ అక్షరాలున్నా సరే అని) పెట్టి, లైక్ అనే మాటతో వెతికితే మామూలు ఇండెక్స్ పనిచేయదు, టేబులంతా చదువుకుంటూ పోతుంది. అలాంటి వెతుకులాట లైవ్ మీద కాకుండా డేటా కాపీ మీద చేసుకో.

మధ్యాహ్నం అన్నం మానేసి స్క్రీన్ ముందు కూర్చుంటున్నావట. అదేం పని? ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. అత్తయ్య వంజరం వేయిస్తానంది. ఆ ఎర్ర రంగేదో నా కళ్లతో చూస్తే తప్ప నిన్ను వదలను.

మీ మావయ్య