సేఫ్టీ విభాగంలోకి మారడం మంచిదేనా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదివి రెండేళ్లుగా శ్రీసిటీలో ప్రొడక్షన్ విభాగంలో పనిచేస్తోంది. ఇప్పుడు సేఫ్టీకి మారతానంటోంది. ప్రమాదాలు జరిగినప్పుడు నష్టపరిహారం కాగితాలతో తిరిగే ఉద్యోగమని నా భయం. వద్దని చెప్పమంటారా? - ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: దయచేసి వద్దనకండి. ఆ కాగితాల అవసరమే రాకుండా చూడడం సేఫ్టీ ఆఫీసర్ అసలు పని. అయితే పరిహారం చట్టం క్షుణ్ణంగా తెలిసినవారి మాటే యాజమాన్యం చెవికి ఎక్కుతుంది కనుక, ఆమె దాన్నీ నేర్చుకోవాలి.

'కార్మికుడి అజాగ్రత్త' అని రాసేస్తే బాధ్యత తీరుతుందని చాలామంది యజమానులు నమ్ముతారు. 1923 నాటి పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం మామూలు ఏమరుపాటు సాకుగా చెల్లదు. మద్యం మత్తు, యంత్రానికి అడ్డుగా ఉండే రక్షణ కవచాన్ని (గార్డును) కావాలని తీసేయడం వంటి మినహాయింపులు కూడా మరణం లేదా శాశ్వత పూర్తి వైకల్యం సంభవించినప్పుడు వర్తించవు. మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని, పూర్తి వైకల్యమైతే 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చించి చెల్లించాలి; నెల దాటితే వడ్డీ కూడా పడుతుంది. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా సంస్థ) పరిధిలోని కార్మికులకు మాత్రం ప్రయోజనాలు ఆ సంస్థ నుంచే అందుతాయి.

ఇక నివారణ సంగతి. మీ చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలనే తీసుకోండి. తోతాపురి సీజన్‌లో కాయ ఆగకుండా వస్తుంటే, శుభ్రం చేయడానికి విప్పిన గార్డును తిరిగి బిగించే తీరిక ఎవరికీ ఉండదు. లోపల ఒకరు చెయ్యి పెట్టి ఉండగా బయట మరొకరు స్విచ్ వేస్తే ఆ చెయ్యి పోతుంది. స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి లోపల పనిచేసే మనిషి జేబులోనే ఉండేలా చేస్తే ఆ ప్రమాదానికి తావుండదు. గోడ మీది నినాదాల కంటే ఈ తాళానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. యంత్రాల మధ్య రెండేళ్లు గడిపిన మీ అమ్మాయికి ఇవి ఇట్టే అర్థమవుతాయి.

అవకాశాలకు కొరత లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం 500 మంది, ప్రమాదకర ప్రక్రియలున్నచోట 250 మంది కార్మికులుంటే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేస్తే అర్హతకు బలం చేకూరుతుంది.

మారే ముందు, ప్రమాదకరంగా ఉన్న యంత్రాన్ని ఆపించే అధికారం తనకు ఉంటుందా అని రాతపూర్వకంగా అడగమనండి. ప్రొడక్షన్ మేనేజర్ కింద పనిచేయాలంటే మాత్రం ఒప్పుకోవద్దని నా సలహా.