హైడ్రో టెస్టుకు ముందే లాగింగ్ వేయొచ్చా? ఏ వెల్డులు తెరిచి ఉంచాలి?

మీ ప్రశ్న: 45 కిలోల (చదరపు సెం.మీ.కు) ప్రెషర్‌తో నడిచే వాటర్‌ట్యూబ్ బాయిలర్ (ట్యూబుల లోపల నీరు ఉండే రకం), సైట్‌లో ఎరెక్షన్ అయింది, హైడ్రో టెస్టుకు (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్షకు) ఇంకా వారం ఉంది, ఈలోగా లాగింగ్ (వేడి పోకుండా పైన చుట్టే పొర), రిఫ్రాక్టరీ (వేడిని తట్టుకునే ఇటుక, కాంక్రీటు) పని కానిచ్చేయొచ్చా అని. సైట్‌లో వేసిన ఏ ప్రెషర్ వెల్డు (ప్రెషర్‌ను మోసే అతుకు) మీదా కానివ్వకండి.

"లీకుంటే గేజ్ పడిపోతుంది కదా" అని కాంట్రాక్టర్ అంటాడు. ఆ మాట నమ్మొద్దు. గాలి లేకుండా నిండిన బాయిలర్‌లో నీటి ఉష్ణోగ్రత 1 డిగ్రీ మారినా ప్రెషర్ కొన్ని కిలోలు మారుతుంది. ఎండకు డ్రమ్ము (బాయిలర్ పైనుండే పెద్ద నీటి పాత్ర) కాస్త వేడెక్కితే చాలు, సూదిమొన రంధ్రం వల్ల తగ్గాల్సిన ప్రెషర్ తగ్గకుండా నిలబడిపోతుంది. ఆ రంధ్రం నుంచి వచ్చే నాలుగు చుక్కలనూ లాగింగ్‌లోని రాక్‌వూల్ (రాతి ఉన్ని) పీల్చేసుకుంటుంది. పీల్చుకోకపోయినా నీరు ట్యూబు వెంబడి జారి రెండు మీటర్ల కింద బయటపడుతుంది, మీరు అక్కడ వెతుకుతారు. కాబట్టి లీకు కంటికే దొరకాలి.

ఎక్కువగా మూసుకుపోయేది పెంట్‌హౌస్‌లోనే (ఫర్నేస్ కప్పు పైనుండే మూసిన గది). రూఫ్ సీల్ ప్లేట్లు (కప్పులో సందులు మూసే రేకులు) వేశాక హెడర్ (ట్యూబులు కలిసే లావు పైపు) స్టబ్ వెల్డులు, అంటే దానికి అతికిన పొట్టి ట్యూబుల అతుకులు, మళ్లీ కనబడవు. ఆ ప్లేట్లు టెస్టు తర్వాతే వేయించండి. బర్నర్ ఓపెనింగ్ దగ్గర వంచిన ట్యూబుల జాయింట్లు, బక్‌స్టే (గోడను బిగించే ఉక్కు దూలం) వెనక పడే వాటర్‌వాల్ (ట్యూబులతో చేసిన ఫర్నేస్ గోడ) జాయింట్లు, డ్రెయిన్ లైన్ సాకెట్ వెల్డులు (పైపును ఫిట్టింగ్‌లో దూర్చి వేసే అతుకులు) కూడా మరిచిపోయే చోట్లే. ఫ్యాక్టరీలో ఇప్పటికే హైడ్రో అయిన జాయింట్లు మూయాలంటే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలు ముందే రాతలో తీసుకోండి.

వెల్డుకు అటూ ఇటూ 50 మి.మీ. వరకు పెయింటు, ప్రైమర్ వద్దు. సన్నటి రంధ్రాన్ని ఆ పొర టెస్టు అయ్యేదాకా ఆపగలదు. స్లాగ్ (వెల్డు మీద మిగిలే గట్టి పెచ్చు) కూడా అంతే, వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తీయాలి. స్కాఫోల్డింగ్ పలకలు జాయింటుకు ఆనుకుని వేయకుండా ఒక జాన కిందికి దించండి. ట్యూబు వెనక వైపుకు పిడి ఉన్న అద్దం, టార్చి కావాలి. టార్చి నేరుగా కాకుండా పక్కనుంచి వాలుగా వేస్తే తడి మెరుస్తుంది. డ్రాయింగ్ మీద ప్రతి జాయింటుకూ నంబరు వేసుకుని, చూసినదల్లా టిక్ పెట్టండి.

నీళ్లు చల్లగా ఉంటే, ముఖ్యంగా విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో, ట్యూబులన్నీ చెమర్చి లీకును దాచేస్తాయి. నీరు బయటి గాలికంటే చల్లగా ఉండకూడదు, 20 డిగ్రీలకు తగ్గకూడదు. దగ్గరగా చూసేటప్పుడు లోహం 50 డిగ్రీలు దాటకూడదు. అనుమానం వచ్చిన చోట గుడ్డతో తుడిచి రెండు నిమిషాలు కనిపెట్టండి: చెమ్మ అంతటా పరుచుకుంటుంది, లీకు ఒకే బిందువులో ఊరుతుంది.

పైనున్న వెంట్లన్నీ (గాలి బయటికి పోయే వాల్వులు) తెరిచి నింపి, బుడగలు లేని ధార వచ్చాకే మూయండి. ప్రెషర్ మెట్లు మెట్లుగా పెంచాలి. 45కి ఒకటిన్నర రెట్లంటే 67.5 కిలోలు, గేజ్ 0-150 ఉండాలి. 67.5 దగ్గర ఉన్నంతసేపూ జాయింట్ల దగ్గరికి ఎవరినీ పోనివ్వొద్దు. ఇన్‌స్పెక్టర్ చెప్పిన సమయం నిలిపి, 45కి దించాకే మనుషులు ఎక్కి చూడాలి. ప్రెషర్ ఉండగా సుత్తితో తట్టడం, బోల్టులు బిగించబోవడం ప్రాణాంతకం. లీకు దొరికితే గుర్తు పెట్టి, పూర్తిగా డ్రెయిన్ చేసి, గ్రైండ్ చేసి మళ్లీ వేయించి, మొదటినుంచి టెస్టు పెట్టాలి.